లేఅవుట్ హద్దు దాటితే ఎవరిది బాధ్యత?

తెలుగు రాష్ట్రాల్లో మధ్యతరగతి మనిషి పొదుపు చాలావరకు చేరేది ప్లాటులోకే. రెండు వందల గజాల స్థలం కొని, నాలుగు మూలలా హద్దురాళ్లు పాతించుకుని, పిల్ల పెళ్లికో ముసలితనానికో అక్కరకొస్తుందని ధీమాగా ఉన్న కుటుంబాలు లక్షల్లో ఉంటాయి. ఆ స్థలం ఉన్న లేఅవుట్‌కు అనుమతి ఎవరిచ్చారు, ఏం చూసి ఇచ్చారు అన్న ప్రశ్నలు మాత్రం రిజిస్ట్రేషన్ ఆగినప్పుడో, కాలనీలోకి నీళ్లొచ్చినప్పుడో గాని ముందుకు రావు. 2020లో తెలంగాణలో రెండూ ఒకదాని వెంట ఒకటి జరిగాయి. ఆగస్టు 26న అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు నిలిపేశారు. అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలే మునిగాయి. అప్పటి నుంచి ప్రణాళికా నిపుణులు, రియల్టర్లు, ప్లాట్లు కొన్నవాళ్లు, కోర్టులు, ప్రభుత్వాలు తలో మాటా చెబుతూ వచ్చాయి. ఇప్పుడు చర్చ ఎంత చిక్కుపడిందంటే, లేఅవుట్ ప్రమాణాలు కఠినంగా ఉన్నాయనేవారూ ఉన్నారు, అసలు ప్రమాణాలే లేవనేవారూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది.

వందేళ్ల వెనక్కి వెళ్తే

1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌లో 1912లో నగర అభివృద్ధి సంస్థ ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920లో పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. ఈ తొలి ప్రయత్నాల దృష్టి విడివిడి ప్లాట్ల మీద లేదు. ఒక ప్రాంతాన్నంతా ముందేసుకుని వీధులు, మురుగు కాలువలు, ఖాళీ స్థలాలు ఎక్కడుండాలో ముందుగా గీసి, ఆ తర్వాత ఇళ్లకు స్థలం వదలాలన్నది 1920 చట్టంలోని స్కీముల ఉద్దేశం. అంతకు ఐదేళ్ల ముందే బొంబాయి ప్రెసిడెన్సీ ఇదే తరహా చట్టం తెచ్చుకుంది. గుజరాత్ ఆ దారినే పట్టుకుని 1976లో కొత్త చట్టం చేసుకుని టౌన్ ప్లానింగ్ స్కీములు కొనసాగిస్తోంది. మన దగ్గర స్కీముల పని మెల్లగా వెనకబడింది. ఎవరి భూమికి వాళ్లు నక్షా గీయించుకుని అనుమతికి తెచ్చుకునే పద్ధతి స్థిరపడింది.

తర్వాత అధికారాలు పలుచోట్లకు చీలాయి. పట్టణాల్లో 1965 మున్సిపాలిటీల చట్టం, రాజధానిలో 1955 నగరపాలక చట్టం అమల్లో ఉండగా, 1975లో పట్టణాభివృద్ధి చట్టం వచ్చి దాని కింద హైదరాబాద్‌కు హుడా, తర్వాత విశాఖకు వుడా, విజయవాడ ప్రాంతానికి వీజీటీఎం ఉడా వంటి సంస్థలు పుట్టాయి. 2008లో హుడా స్థానంలో హెచ్ఎండీఏ వచ్చింది. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను పన్నెండో షెడ్యూలులో మొదటి అంశంగా చేర్చి, మున్సిపాలిటీలకు అప్పగించదగిన పనిగా చెప్పింది. ఆచరణలో సాంకేతిక ఆమోదం అభివృద్ధి సంస్థలదో, పట్టణ, గ్రామీణ ప్రణాళిక సంచాలకుల కార్యాలయానిదో (డీటీసీపీ) అయింది. రోడ్డు గుంతలు, మురుగు, వీధిదీపాల బాధ్యత మాత్రం స్థానిక సంస్థకే మిగిలింది. అనుమతిచ్చే చేయి ఒకటి, దాని ఫలితం మోసే భుజం మరొకటి కావడం ఈ వ్యవస్థలో మొదటి లోపం. దీని మీద పెద్దగా భేదాభిప్రాయం లేదు, దిద్దుబాటు మీదే ఉంది.

ఐదెకరాల లెక్క

వాదాలు వినడానికి ముందు లెక్క చూడాలి. ఐదెకరాలంటే 24,200 గజాలు. అనుమతి ఉన్న లేఅవుట్‌లో పదో వంతు, అంటే 2,420 గజాలు పార్కుకు, ఖాళీ స్థలానికి వదలాలి. రోడ్లు 30 నుంచి 40 అడుగుల వెడల్పుతో వేస్తే వాటికి దాదాపు 30 శాతం పోతుంది. మిగిలిన 60 శాతంలో రెండు వందల గజాల ప్లాట్లు 72 వస్తాయి. అదే భూమిలో పార్కు ఎగ్గొట్టి, రోడ్లను 20 అడుగులకు కుదించి 20 శాతంతో సరిపెడితే 96 ప్లాట్లు తేలతాయి. తేడా 24 ప్లాట్లు. దీనికి తోడు వ్యవసాయేతర మార్పిడి రుసుము, అభివృద్ధి చార్జీలు, బీటీ రోడ్లు, డ్రైనేజీ, కరెంటు స్తంభాలు, నీళ్ల ట్యాంకు ఖర్చులు కూడా మిగులుతాయి. అనుమతి లేని వెంచర్ గజం ధర ఎందుకు తక్కువో, దాన్ని వేసేవాళ్లు ఎందుకు తగ్గరో ఈ ఒక్క లెక్కలో ఉంది.

అనుమతి పద్ధతి కాగితం మీద బాగానే ఉంటుంది. ముందు డ్రాఫ్ట్ లేఅవుట్ మంజూరు చేస్తారు. ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతం సంస్థ పేరిట తనఖా పెట్టించుకుంటారు. రోడ్లు, కాలువలు పూర్తయ్యాక, పార్కును, రోడ్లను గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు రాసిచ్చాక, తనఖా విడిపించి ఫైనల్ లేఅవుట్ ఇస్తారు. ఈ ఏర్పాటుకు ప్రాణం ఆ తనఖా. పనులు చేయకపోతే ఆ ప్లాట్లు అమ్మి సంస్థే చేయించాలన్నది దాని అర్థం. అయితే తనఖా ప్లాట్లు పోగా తక్కిన 85 శాతం చేతిలో ఉన్నప్పుడు, అవి అమ్ముడుపోతే పెట్టుబడి, లాభం రెండూ తిరిగొచ్చేస్తాయి. ఆ తర్వాత వ్యాపారికి పనులు ముగించే తొందర ఏముంటుంది? తనఖా భాగం పెంచాలా, లేక పనుల మేరకు విడతలుగా ప్లాట్లు అమ్మనివ్వాలా అన్నది వృత్తిలో ఉన్నవాళ్ల మధ్య నలుగుతున్న ప్రశ్న. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) రెండో దారి వైపు కొంత జరిగింది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్లు నమోదు కావాలని, కొన్నవాళ్ల నుంచి వసూలైన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, భూమి, నిర్మాణ ఖర్చులకే వాడాలని చెప్పింది. అనుమతే తీసుకోని వెంచర్ ఈ చట్రంలోకి రాదు, చిక్కంతా అక్కడే ఉంది.

పంచాయతీ ముద్ర

అనుమతి లేని ప్లాట్లలో పెద్ద వాటా గ్రామ పంచాయతీ లేఅవుట్లది. తెల్ల కాగితం మీద నక్షా గీసి, సర్పంచి సంతకం, కార్యదర్శి ముద్ర వేయించుకుంటే చాలు, బ్రోషర్‌లో ‘జీపీ అప్రూవ్డ్’ అని వేసుకుని అమ్మేసేవారు. 2002లో వచ్చిన గ్రామ పంచాయతీ లేఅవుట్ నిబంధనలు సాంకేతిక ఆమోదం తప్పనిసరి చేశాయి. అభివృద్ధి సంస్థ పరిధిలోని గ్రామాలకైతే పంచాయతీ ముద్ర ఒక్కటే చెల్లదు. అయినా సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో డాక్యుమెంటు చెల్లిపోతున్నంత కాలం ఆ ముద్ర పని చేసింది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపల్ చట్టం ఈ తలుపు మూసే ప్రయత్నం చేశాయి. 2020 ఆగస్టు నిషేధానికి ఆధారం అవే.

తలుపు మూస్తే గోడ దూకే దారులు పుట్టాయి. గుంటల లెక్కన అమ్మే ఫాంల్యాండ్లు అందులో ముఖ్యమైనవి. కాగితాల్లో అది వ్యవసాయ భూమే. నేల మీద గేటు, మట్టి రోడ్లు, వరసగా నాటిన మొక్కలు, మధ్యలో ప్లాట్ నంబర్ల పలకలు కనిపిస్తాయి. లేఅవుట్ కాదు కనుక పార్కు అక్కర్లేదు, రోడ్డు ప్రమాణం వర్తించదు. పదేళ్ల తర్వాత అక్కడ ఇళ్లు లేస్తే ఏ ప్రమాణం అడుగుతారన్నదానికి ఇప్పటి నిబంధనల్లో సూటి సమాధానం లేదు.

కఠినమా, సడలింపా

ప్రణాళికా రంగంలో పెద్దమాట ఎప్పుడూ కఠిన ప్రమాణాల వైపే. వెడల్పు రోడ్డు లేని చోట అగ్నిమాపక బండి తిరగదు, మురుగు గొట్టం వేయడానికి చోటుండదు, ఒకసారి ఇళ్లు లేచాక రోడ్డు వెడల్పు చేయడమంటే కూల్చడమే. 2012లో ఉమ్మడి రాష్ట్రం తెచ్చిన భవన నిబంధనలు, జీవో 168, ఈ ధోరణికి మంచి ఉదాహరణ. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు, పది మీటర్లు దాటిన వాగులకు 9 మీటర్లు వదలమంది. 1996 నాటి జీవో 111 మరింత ముందుకెళ్లి, హైదరాబాద్ జంట జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో వేసే లేఅవుట్లలో 60 శాతం రోడ్లకు, ఖాళీ స్థలానికి వదలాలంది. 2022లో ఆ ఆంక్షలను ఎత్తేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది.

ఎదుటి వాదాన్ని వ్యాపారుల వాదమని తీసిపారేయడం సులువు, న్యాయం కాదు. ప్రతి అదనపు అడుగు రోడ్డుకూ ధర ఉంటుంది, దాన్ని చివరికి భరించేది కొనేవాడే. తాపీ మేస్త్రి, ఆటో నడిపేవాడు, చిన్న ప్రైవేటు ఉద్యోగి అనుమతి ఉన్న లేఅవుట్‌లో వంద గజాలు కొనలేనప్పుడు వాళ్లంతా చెరువు కిందికో, పంచాయతీ వెంచర్‌కో పోతారు. కఠిన ప్రమాణం వాళ్లను రక్షించదు, ప్రమాణం బయటకు నెడుతుంది. ప్రభుత్వాలే ఈ వాదానికి సాక్ష్యమిచ్చాయి. పేదలకు పంచేటప్పుడు పట్టణాల్లో ఆంధ్రప్రదేశ్ ఇచ్చింది సెంటు, అంటే 48.4 గజాలు. అదే ప్రభుత్వం 2021లో ప్రైవేటు లేఅవుట్లు 5 శాతం భూమిని పేదల ఇళ్లకు ఇవ్వాలని నిబంధన పెట్టింది. ఆ భారం వెంచర్ వేసినవాడి లాభం నుంచి కాకుండా తక్కిన ప్లాట్ల ధరలోంచి వస్తుందన్న విమర్శ అప్పుడే వచ్చింది. 2025లో వచ్చిన సవరణల్లో ఆ రాష్ట్రం లేఅవుట్ రోడ్ల కనీస వెడల్పును 12 మీటర్ల నుంచి 9 మీటర్లకు తగ్గించింది.

నా అంచనాలో ఈ రెండు పక్షాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. అన్ని ప్రమాణాలనూ ఒకే గాటన కడుతున్నాయి. లోపలి వీధి 40 అడుగులా 30 అడుగులా అన్నది బేరమాడదగిన విషయం. ఇరవై ఇళ్ల వీధికి 30 అడుగులు చాలు. వాన నీరు ఎటు పోతుంది, వాగు హద్దు ఎక్కడ, ప్రధాన రోడ్డుకు దారి ఉందా అన్నవి బేరమాడకూడనివి. సడలింపు వచ్చిన ప్రతిసారీ రెండు రకాలూ కలిపి సడలుతున్నాయి. కఠినం చేసినప్పుడూ రెండూ కలిపే బిగుస్తున్నాయి.

క్రమబద్ధీకరణే అసలు నిబంధనా?

2007 డిసెంబరు 31న ఉమ్మడి రాష్ట్రం జీవో 902తో అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు తెర తీసింది. తెలంగాణ 2015లో ఒకసారి, 2020లో జీవో 131తో మరోసారి అదే పని చేసింది. ఆంధ్రప్రదేశ్ 2020లో నిబంధనలు తెచ్చి, 2025లో కటాఫ్ తేదీని జూన్ 30కి ముందుకు జరిపింది. ఒక్కసారికే అని మొదలైనది పథకంగా స్థిరపడింది.

తెలంగాణ 2020 పథకానికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అన్ని లక్షల కుటుంబాలు తప్పు చేశాయనడం కుదరదు. వాళ్లలో చాలామంది స్టాంపు డ్యూటీ కట్టి, రిజిస్టరు చేయించుకుని, ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం పట్టుకున్నవాళ్లు. కాబట్టి క్రమబద్ధీకరణ మానవీయ అవసరమన్న వాదన బలమైనది. పథకం లోపలి లెక్క చూస్తే మాత్రం ఇబ్బంది కలుగుతుంది. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం లేకపోతే ప్లాటు విలువలో 14 శాతం చార్జీగా కట్టాలన్నారు. పార్కు మింగి, రోడ్లు కుదించి 24 ప్లాట్లు అదనంగా అమ్ముకున్నవాడు ఈ లెక్కలో ఎక్కడా లేడు. కట్టేది కొన్నవాడు. సొమ్ము ఖజానాకు చేరుతుంది, ఆ కాలనీకి పార్కు మాత్రం రాదు, ఎందుకంటే అక్కడ నేలే మిగల్లేదు.

తమిళనాడు అనుభవాన్ని పక్కనే ఉంచి పోల్చి చూస్తే పోలికా తేడా రెండూ తెలుస్తాయి. అక్కడ నిషేధం మద్రాసు హైకోర్టు నుంచి వచ్చింది. 2016 సెప్టెంబరులో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్ ఆపమని కోర్టు ఆదేశించాక, 2017లో క్రమబద్ధీకరణ నిబంధనలు వచ్చాయి. కటాఫ్ 2016 అక్టోబరు 20. తెలంగాణలో ప్రభుత్వమే నిషేధించింది, అయిదు రోజుల తేడాలో ప్రభుత్వమే పథకం ప్రకటించింది, ఏడాది తిరగకముందే ఒకసారి రిజిస్టరైన ప్లాట్లకు సడలింపూ ఇచ్చింది. దరఖాస్తులు కోర్టు వ్యాజ్యాల మధ్య ఏళ్ల తరబడి నిలిచి, 2025లో 25 శాతం రాయితీతో మళ్లీ కదిలాయి. ఆంధ్రప్రదేశ్‌లో కటాఫ్ తేదీయే జరుగుతూ పోయింది. మూడు చోట్లా ఒకటే ఫలితం: తర్వాతి పథకం ఎప్పుడొస్తుందన్న ఆశ మార్కెట్లో బతికే ఉంది. ఆ ఆశే నేటి అసలు ప్రమాణం. దాని ముందు పుస్తకంలోని అడుగులూ మీటర్లూ నిలవవు.

పార్కు ఎవరి సొత్తు?

కోర్టుల్లో వాదం మరోలా నడిచింది. అనుమతి కోసం పార్కు స్థలాన్ని ఉచితంగా రాయించుకోవడం ఆస్తి హక్కుకు భంగమా అన్నది ప్రశ్న. 1990ల్లో చేత్‌రామ్ వశిష్ఠ్ కేసులో సుప్రీంకోర్టు, పార్కుకు కేటాయించిన స్థలాన్ని యజమాని ప్రజల కోసం అట్టిపెట్టాల్సిందేనని చెబుతూనే, చట్టంలో ఆధారం లేకుండా ఢిల్లీ కార్పొరేషన్ దాని యాజమాన్యాన్ని ఉచితంగా అడగలేదని తేల్చింది. 2023 ఫిబ్రవరిలో చెన్నైకి చెందిన వసంత్ అపార్ట్‌మెంట్స్ కేసులో అదే కోర్టు, పెద్ద స్థలాల్లో పది శాతాన్ని గిఫ్ట్ డీడ్‌తో ఇవ్వాలన్న అక్కడి నిబంధనను సమర్థించింది. నిబంధనకు చట్టం బలముంటే కోరవచ్చన్న చోట చర్చ ప్రస్తుతానికి ఆగింది. పార్కును ఆసుపత్రికి ఇవ్వడానికి కుదరదని 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో చెప్పిన మాట ఇప్పటికీ గట్టిగానే ఉంది.

కోర్టు తేల్చిన హక్కు నేల మీద నిలవాలంటే కాపలా కావాలి. గిఫ్ట్ డీడ్ బీరువాలో, పార్కు కబ్జాలో ఉన్న కాలనీలు హైదరాబాద్ చుట్టూ ఎన్నో. 2024 జులైలో ఏర్పడిన హైడ్రా, చెరువులతో పాటు లేఅవుట్ల పార్కులనూ, రోడ్లనూ విడిపించే పని ఎత్తుకుంది. కాలనీవాసులు దానికి అందించిన ఫిర్యాదులు, పాత లేఅవుట్ నక్షాలు చూస్తే ఈ పని అవసరం ఎంత ఉందో అర్థమవుతుంది. అది చేపట్టిన కూల్చివేతలపై హైకోర్టు అడిగిన ప్రశ్నలు కూడా అంతే ముఖ్యం. అనుమతి ఇచ్చినప్పుడే హద్దు కంచె, పార్కు సర్వే నంబరుతో బహిరంగ జాబితా ఉంటే పదేళ్ల తర్వాత జేసీబీ అవసరం చాలాచోట్ల రాదు. ఆ జాబితాలు ఇప్పటికీ పూర్తిగా లేవు.

21 రోజుల గడువు

భవన ప్లాన్ల విషయంలో మొగ్గు వేగం వైపు తిరిగింది. 2020 నవంబరులో తెలంగాణలో మొదలైన టీఎస్-బీపాస్‌లో 75 గజాల లోపు స్థలానికి అనుమతి అక్కర్లేదన్నారు, 600 గజాల వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చారు, అంతకు మించితే 21 రోజుల గడువు పెట్టారు. ఆంధ్రప్రదేశ్ 2025లో 18 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణకు వీలిచ్చింది. టౌన్ ప్లానింగ్ కార్యాలయం చుట్టూ తిరిగే బాధ, చేతులు తడిపే బాధ తగ్గడం చిన్న మేలు కాదు. ఒక ఇంటికి ఈ పద్ధతి సరిపోతుంది, తప్పు చేస్తే ఆ ఇంటికే నష్టం. లేఅవుట్‌కు అదే తర్కం వర్తింపజేయడం వేరు. అక్కడ తప్పు పడితే అది వంద కుటుంబాల నెత్తిన పడుతుంది, తర్వాత దిద్దడానికి వీలుండదు. లేఅవుట్‌కు గడువు ఉండాలి గాని, నీటిపారుదల శాఖ, రెవెన్యూ శాఖ నేల చూడకుండా గడువు దాటిందని అనుమతి దానంతటదే దొరకకూడదు.

దీవుల మధ్య నీరు

ఇంత చర్చలో తక్కువ మాట్లాడుకున్నది, నా దృష్టిలో ఎక్కువ ముఖ్యమైనది మరొకటుంది. ఒక్కో లేఅవుట్ ఒక దీవిలా ఆమోదం పొందుతుంది. లోపల సీసీ కాలువ నక్షాలో ఉన్నట్టే కడతారు, తనిఖీకి వచ్చినవారు చూసి టిక్కు పెడతారు. ఆ కాలువ కాంపౌండ్ గోడ దగ్గర ఆగిపోతుంది. అవతల పక్కవాడి పొలం. ఐదేళ్లకు ఆ పొలం కూడా వెంచరై రెండడుగులు ఎత్తు మట్టి నింపుకుంటే, నీరు మొదటి లేఅవుట్‌లోనే నిలుస్తుంది. ఇద్దరిదీ అనుమతి ఉన్న లేఅవుటే, ఇద్దరూ పార్కు వదిలారు, ఇద్దరి రోడ్లూ 40 అడుగులే. 2000 వరదల తర్వాత హైదరాబాద్ నాలాలపై వచ్చిన కిర్లోస్కర్ నివేదిక మొదలు, 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్ నగర్‌ను ముంచిన బుడమేరు వాగు వరకు నీరు చెప్పిన సంగతి ఇదే. ఒక్కో నక్షా లోపల ఎంత కఠిన ప్రమాణం పెట్టినా రెండు నక్షాల మధ్య ప్రమాణం లేకపోతే ప్రయోజనం సగమే.

అందుకే పాత స్కీముల ఆలోచన మళ్లీ వినిపిస్తోంది. రైతులంతా భూములు కలిపి, ముందు రోడ్లు, కాలువలు, పార్కులు గీసి, మిగిలినది వాటాల ప్రకారం ప్లాట్లుగా తిరిగి తీసుకోవడం. ఉప్పల్ భగాయత్‌లో ఎకరానికి వెయ్యి గజాల చొప్పున తిరిగిచ్చిన ప్రయోగం ఉంది. అమరావతిలో 30 వేల ఎకరాలకు పైగా ఇదే పద్ధతిలో సమీకరించారు. ప్రభుత్వం మారితే పథకం ఆగి, రైతు ఏళ్ల తరబడి ఖాళీ చేతులతో ఉండాల్సి వస్తుందని కూడా అమరావతే చూపింది. ఈ దారిలో ప్రణాళిక ఎంత బాగున్నా, భూమి ఇచ్చినవాడికి కాలపరిమితితో భద్రత లేకపోతే జనం మళ్లీ సొంత వెంచర్ వైపే చూస్తారు.

తేలనివి

మిగిలిపోయిన ప్రశ్నల్లో కొన్నింటికి సమాధానం రాజకీయ సంకల్పం మీద ఆధారపడింది. కటాఫ్ తేదీ ఇక జరగదని ఏ ప్రభుత్వమైనా చెప్పి నిలబడగలదా? అనుమతి లేని వెంచర్ వేసినవాడి నుంచి, కొన్నవాడి నుంచి కాక, ఆ 14 శాతం రాబట్టే చట్టం వస్తుందా? ఇవి నిపుణులు తేల్చేవి కావు.

నిపుణులే తేల్చాల్సిన చిక్కు ఒకటుంది. లేఅవుట్ కాలువ సమీప వాగుకు కలిస్తే తప్ప తనఖా విడిపించరాదని నిబంధన పెట్టవచ్చు, పెట్టాలి కూడా. ఆ వాగుకు, గోడకు మధ్య కిలోమీటరున్నర దూరంలో పదిమంది రైతుల పొలాలుంటే ఆ కాలువ ఎవరు తవ్వాలి? మొదట వచ్చిన వెంచర్ మొత్తం ఖర్చు పెట్టుకుంటే తర్వాత వచ్చేవాళ్లు ఉచితంగా వాడుకుంటారు. అందరి నుంచీ చార్జీ వసూలు చేసి సంస్థే తవ్వుతుందంటే, ఇప్పటికే వసూలైన అభివృద్ధి చార్జీలు ఆ ప్రాంతంలోనే ఖర్చయ్యాయా అని కాలనీలు అడుగుతాయి. ప్రతి వెంచర్ పేరిట వసూలైనది ఎంత, ఏ కాలువకు పెట్టారు అన్న పద్దును వార్డు వారీగా బయటపెట్టడం దీనికి మొదటి మెట్టు. ఆ పద్దు తెరవనంతవరకు కొత్త చార్జీ ఏదీ అడిగే నైతిక బలం సంస్థలకు ఉండదు.